సోఫాకి దక్కిన శభాష్

పొద్దున్నే ముందుగది తలుపు మూసుకుందంటే ఇక ఆ ఇంట్లో కుక్కర్ విజిల్ వేయడానికి కూడా జంకాలి. లోపల కూతురు వ్యాయామం వీడియో తీసుకుంటూ ఉంటుంది. "చేతులు పైకి! శభాష్, చాలా బాగా చేస్తున్నారు!" అని ఫోనుకేసి నవ్వుతూ అరుస్తుంది. వంటింట్లో అమ్మ చప్పుడు కాకుండా గిన్నెలు కడుగుతుంది. అదీ ఒక విద్యే, ఈ వయసులో కొత్తగా నేర్చుకుంది.

అమ్మ మోకాళ్ల నొప్పి చూడలేకే పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా వీడియోలు మొదలుపెట్టింది కూతురు. ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా చూసి మెచ్చుకుంటున్నారు. పిల్ల సంబరం అంతా ఇంతా కాదు.

ఆ రోజు వీడియో మధ్యలో వీధి తలుపు దబదబా మోగింది. విసుక్కుంటూ తీస్తే ఎదురుగా పక్కవాటా టైలరమ్మ, చంకలో చుట్టిన చాప.

"మీ అమ్మ రెడీనా? నిన్న తను లేటు చేయబట్టే కిటికీ పక్క చోటు పోయింది మాకు."

"ఎక్కడ చోటు, ఆంటీ?"

"ఎక్సర్‌సైజు క్లాసులో! టైర్ల షాపు మేడ మీద. నీకు తెలీదా?" అనేసి టైలరమ్మ నాలిక్కరుచుకుంది. తర్వాత పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ జారుకుంది.

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది, చేతిలో కూరగాయల సంచి. రోజూ బజారుకని వెళ్లి, ఏవీ బాగోలేవంటూ ఖాళీగా తెచ్చే సంచి. కూతురు అందులో చెయ్యి పెట్టి తువ్వాలు బయటికి లాగింది.

"వంకాయలు దొరికాయన్నమాట," అంది.

అమ్మ నవ్వబోయి మానుకుంది.

"నా క్లాసు పనికిరాదని మొహమ్మీదే చెప్పొచ్చుగా! మోకాళ్లు నొప్పులంటూ ఆ మేడ మెట్లు ఎక్కుతున్నావా? ఇంట్లో, ఎండా వానా లేకుండా, నీకు కుదిరినప్పుడు చేసుకోమన్నానే! కన్నతల్లే నన్ను నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?"

"చేశానే తల్లీ. నీవన్నీ చేశాను." అమ్మ సంచి మడత పెడుతూ కూర్చుంది. "ఒకరోజు సగంలో మోకాలు పట్టేసింది. సోఫాలో కూలబడ్డాను. లేవలేకపోయాను. ఫోనులో నువ్వేమో నా వైపే చూస్తూ, 'శభాష్, చాలా బాగా చేస్తున్నారు' అన్నావు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. గోడకి అటువైపు నువ్వే ఉన్నావు, ఇంకో వీడియో తీసుకుంటూ. పిలిస్తే పాడైపోతుందని పిలవలేదు."

అమ్మ తిట్టి ఉంటే కూతురికి ఇంత బాధ ఉండేది కాదు.

"అక్కడ టీచరమ్మ నా మొహం చూడగానే, 'ఇవాళ చాలు, కూర్చోండి' అంటుంది. ఒకపూట మానేస్తే అక్కడివాళ్లంతా దారిలో పట్టుకుని తిడతారు. మీ నాన్న పోయాక నన్ను తిట్టేవాళ్లు లేకపోయారు కదే. అదీ కావాలనిపిస్తుంది."

సంచి పక్కన పెట్టి, అమ్మే మళ్లీ అందుకుంది. "చిన్నప్పుడు నడవలో గోడకి కాళ్లు పెట్టి తలకిందులుగా నిలబడేదానివి. సున్నం నిండా నీ అరికాళ్ల మురికే. 'అమ్మా, పట్టుకున్నావా, పట్టుకున్నావా' అని ఒకటే గోల. కూర మాడుతున్నా నేను కదలడానికి లేదు. నిజానికి ఎప్పుడో వదిలేసేదాన్ని. పక్కనే ఉన్నానంటే చాలు, నిలబడిపోయేదానివి."

ఆ మాటతో కూతురికి పాత నడవ కళ్లముందు కదిలింది. తలకిందులుగా కనిపించే అమ్మ చీర కుచ్చిళ్లు, మాడుతున్న కూర వాసన, "పిల్లకి మెదడు కిందికి జారిపోతుందే" అని నాన్న వేళాకోళం. ఆ రోజుల్లో అమ్మ ఎక్కడుందో వెతకాల్సిన పనే ఉండేది కాదు.

ఆమె ఫోను ఆపి చెప్పులు వేసుకుంది.

మేడ మీద హాల్లో రబ్బరు వాసన, ఆడవాళ్ల నవ్వులు. టైలరమ్మ తప్పుచేసినదానిలా పక్కకి జరిగి కిటికీ దగ్గర చోటిచ్చింది. టీచరమ్మ అందరినీ జంటలుగా నిలబెట్టి, పక్కవాళ్ల చెయ్యి ఆసరాగా ఒంటికాలి మీద నిలబడమంది. అమ్మ చెయ్యి చాచింది. కూతురు పట్టుకుంది.

ఎముకలు చేతికి తగిలాయి. గాజులు మోచేతి దాకా జారిపోయాయి. ఈ చెయ్యి చివరిసారి ఎప్పుడు పట్టుకుందో ఎంత ఆలోచించినా ఆమెకి గుర్తు రాలేదు. రోజూ ఊరందరికీ వెన్ను నిటారుగా పెట్టమని చెప్పే మనిషి, తల వంచి ఆ చేతినే చూసింది.

"ఎప్పుడింత చిక్కిపోయావమ్మా?"

"రోజూ నీ కళ్లముందే ఉన్నానుగా," అంది అమ్మ, నిష్ఠూరమేమీ లేకుండా.

కూతురు కళ్లు తుడుచుకోవాలని చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. అమ్మ వదల్లేదు.

"తర్వాత ఏడుద్దువుగానిలే," అంది. "ఇప్పుడు వదిలావంటే నేను పడతాను."