పరస్పర అంగీకారంతో

“ఈ ప్రకటనలో ‘పరస్పర అంగీకారంతో’ అన్న ముక్క రాసిన మహానుభావుడెవరు?”

ఆమె గొడుగులోంచి నీళ్లు కార్పెట్ మీద ధారగా కారుతున్నాయి. ఫుట్‌బాల్ క్లబ్ ఆఫీసులో ఉన్నవాళ్లందరూ కంప్యూటర్ల వెనక తలలు దించేసుకున్నారు. కిటికీ పక్కనున్న ఒక్కతను మాత్రం లేచి నిలబడ్డాడు.

“నేనేనండీ. ప్రెస్ ఆఫీసర్ని.”

“నేను, మీరు నిన్న పీకేసిన కోచ్ గారి కూతుర్ని.”

అతని మొహం పాలిపోయింది.

“మా నాన్న ఎప్పుడు అంగీకరించాడు? ఎవరితో అంగీకరించాడు? మ్యాచ్ నుంచి టాక్సీలో ఇంటికొస్తూ రేడియోలో విన్నాడాయన, తన ఉద్యోగం ఊడిందని. పాపం ఆ డ్రైవరే సౌండు తగ్గించాడట, మర్యాదకి. మీ క్లబ్బంతా కలిపినా ఆ డ్రైవరుకున్నంత మర్యాద లేదు!”

“అది... మామూలుగా అలాగే రాస్తామండీ.”

“మామూలుగానా? అంటే మనుషుల్ని గెంటేయడం ఇక్కడ మామూలన్నమాట!”

నోరు జారానని అతనికి అర్థమైంది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె అతన్నీ, ఛైర్మన్నీ, గోడ మీది ట్రోఫీలనీ కలిపి దులిపేసింది. చేతిలోని ప్రకటన కాగితాన్ని ఉండ చుట్టి అతని టేబుల్ మీద కొట్టి, విసవిసా బయటికి నడిచింది. వీధి చివరికొచ్చాక గానీ గొడుగు మర్చిపోయిన సంగతి గుర్తు రాలేదు. వెనక్కి వెళితే తిట్టినదంతా వృథా అయిపోతుందని తడుస్తూనే ఇల్లు చేరింది.

ఇంట్లో తండ్రి తాపీగా టీ కలుపుకుంటున్నాడు. ఆ తాపీతనం చూస్తే ఆమెకి ఒళ్లు మండిపోతుంది.

చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. ఏదో ఒక క్లబ్బు చేతులు పట్టుకుని పిలుస్తుంది. వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే అదే చేత్తో మెడ పట్టి గెంటుతుంది. ఆయనకి కొత్త క్లబ్బు దొరికినప్పుడల్లా ఆమెకి కొత్త బడి, కొత్త బెంచీ, ‘మీ నాన్ననే కదా తీసేశారు?’ అని అడిగే కొత్త పిల్లలు. ఏ అద్దింట్లోనూ తల్లి గోడకి మేకు కొట్టించలేదు. పెద్దయ్యాక ఆమె పళ్ల డాక్టరై, ఈ ఊళ్లో క్లినిక్ పెట్టుకుని, ఇక కదిలేది లేదని ఒట్టు పెట్టుకుంది. ఈ ఊరి క్లబ్బే తండ్రిని పిలిచినప్పుడు ఎగిరి గంతేసింది. “కుర్రాళ్లతో టీమ్ కడతాను, మూడు సీజన్లు పడుతుంది” అని ఆయనంటే, “అయిదు తీసుకోండి” అన్నాడు ఛైర్మన్. తీరా ఒక్కటి కూడా నిండనివ్వలేదు.

“నీకు కోపం రాదా నాన్నా?”

“వస్తుందమ్మా. నా వంతు కూడా నువ్వే కోప్పడుతున్నావని ఊరుకుంటున్నా.”

వారం తిరగకుండా ప్రెస్ ఆఫీసర్ క్లినిక్‌లో ప్రత్యక్షమయ్యాడు. ఒక చేతిలో ఆమె గొడుగు, ఇంకో చెయ్యి వాచిన బుగ్గ మీద.

“ఊళ్లో ఇంకో పళ్ల డాక్టరు దొరకలేదా?”

“దొరికారు. గొడుగు వాళ్లది కాదన్నారు.”

వచ్చిన నవ్వును మింగేసి ఆమె కుర్చీ చూపించింది. నోరు తెరిపించి లైటు వేసింది. వెనక దవడ పన్ను ఒక మూల విరిగి ఉంది.

నోరు తెరిచిన మనిషి ఎదురు మాట్లాడలేడు. తన వృత్తిలో ఇంత సుఖముందని ఆమెకి అంతవరకూ తెలియదు.

“విత్తనం నాటి, మర్నాడే మొలకెత్తిందా అని తవ్వి చూసుకునేవాళ్లని ఏమంటారు?”

“ఆ...”

“పిచ్చివాళ్లంటారు. మీ దగ్గర ఛైర్మన్ అంటారు.”

“ఆఁ ఆఁ...”

“తల ఊపకండి. సూది గుచ్చుతున్నా.”

మత్తెక్కాక అడిగింది. “ఈ పన్ను ఎలా విరిగింది?”

“నిద్దల్లో పల్లు కొలుకుతున్నా” అన్నాడతను మొద్దుబారిన నాలుకతో. “పగలంతా కోపం మింగి, లాత్రి నములుతున్నా.”

“మీకెందుకు కోపం?”

“ఆ పకటన మ్యాచ్‌కి ముందే లాయించాలు.”

ఆమె చేతిలోని అద్దం ట్రేలో ఠంగుమని పడింది.

“గెలిచినా తీసేసేవాళ్లా?”

తల ఊపాడు.

“తెలిసే రాశారా?”

“లాశాను.”

“సిగ్గనిపించలేదా?”

“పన్ను విలిగింది కదా.”

తండ్రి ఆ రోజు గొంతు పోయేలా అరుస్తూ గ్రౌండు పక్కన నిలబడ్డాడు. ఫలితం అప్పటికే ఎవరి జేబులోనో ఉంది. ఆమె కోపం తగ్గేదాకా ఆగి, చేతి తొడుగులు మార్చుకుంది.

“రూట్ కెనాల్ చెయ్యాలి. నాలుగైదు సార్లు రావాలి.”

“ఒక్కసాలితో అవదా?”

“మీ క్లబ్బు అలవాట్లు ఇక్కడ కుదరవు.”

ప్రతి సిట్టింగూ ఒక తగువే. మత్తు ఎక్కేలోపు అతను వాదించేవాడు. మత్తెక్కాక ఆమె గెలిచేది.

“మీ నాన్నగారికి ముందున్న కోచ్‌ని రెండేళ్లు భరించామండీ. టీమ్ కింది లీగ్‌లోకి జారిపోబోయింది. టైమిచ్చినంత మాత్రాన అందరూ గెలవరు.”

“అందరికీ ఇమ్మనడం లేదు. ఇస్తామన్నవాళ్లకి ఇమ్మంటున్నా. మాటిచ్చి తప్పితే మీ భాషలో ఏమంటారు?”

అతను ఆలోచించి, “వ్యూహాత్మక మార్పు” అన్నాడు.

ఆమె పక్కున నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చి, “నోరు తెరవండి” అని కసిరింది. బయట వాన పడుతూనే ఉంది. అపాయింట్‌మెంటు అయిపోయినా వాన తగ్గలేదని అతను కూర్చున్నాడు. వాన తగ్గినా ఆమె ఆ మాట చెప్పలేదు.

కొత్త కోచ్ మొదట్లో గెలిచి, తర్వాత అంతకంటే జోరుగా ఓడడం మొదలుపెట్టాడు. ఒక ఉదయం పేపర్లో పెద్దక్షరాలతో వార్త పడింది. ఇదంతా పాత కోచ్ చేసిన నిర్వాకమట. చేతకాని కుర్రాళ్లను నెత్తిన పెట్టి పోయాడట. ‘క్లబ్ వర్గాలు’ చెప్పాయట.

“క్లబ్ వర్గాలంటే ఎవరు? వాడే! నా కుర్చీలో కూర్చుని, నా చేత పన్ను బాగు చేయించుకుని, మా నాన్న మీద...” వంటింట్లో గిన్నెలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. అతని నుంచి ఫోన్ వస్తే కట్ చేసింది. మళ్లీ మోగితే ఆ నంబరునే బ్లాక్ చేసింది. క్లినిక్‌కి చెప్పి అతని అపాయింట్‌మెంటు కొట్టేయించింది.

అంతా అయ్యాక తండ్రి గుమ్మంలోకి వచ్చాడు.

“అయిందా? ఇందాక ఆ కుర్రాడు వచ్చి వెళ్లాడు.”

“ఏ మొహంతో వచ్చాడు?”

“ఉద్యోగం పోయిన మొహంతో. ఆ వార్త రాయమంటే రాయనని మొన్ననే రాజీనామా ఇచ్చాడట. ఇంకెవరి చేతనో రాయించారు. పేపర్లో చూసి తనే రాశాడనుకుంటామేమోనని చెప్పడానికొచ్చాడు.”

ఆమె గరిటె పక్కన పడేసింది. “నన్నెందుకు పిలవలేదు?”

“నువ్వు ఇక్కడ అతన్నే తిడుతున్నావు. వీధి దాకా వినిపిస్తోంది. బెదిరిపోయి, స్టేడియం ఆఫీసులో సామాను తెచ్చుకోవాలంటూ వెళ్లిపోయాడు పాపం.” తండ్రి ఈసారి నవ్వకుండా అన్నాడు. “ఛైర్మన్ని అన్ని మాటలంటావు. ఆయనే నయం తల్లీ, మ్యాచ్ ఫైనల్ విజిల్ దాకా ఆగాడు. నువ్వు ఆ అబ్బాయికి ఫోనెత్తేంత టైమైనా ఇవ్వలేదు.”

చెంప మీద కొట్టినట్టయింది. ఉన్న కోపమంతా తిరిగొచ్చి తన మీదే పడితే ఏం చెయ్యాలో తెలియక, స్కూటర్ తాళాలు తీసుకుంది.

అతను స్టేడియం ఎదుటి బస్టాపులో దొరికాడు. ఆఫీసు సామానున్న అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చినుకులకి పెట్టె ఒక మూల మెత్తబడుతోంది.

“ఉద్యోగం వదిలేసిన రోజే నాకు చెప్పొచ్చుగా!”

“చెబితే గొప్పలు పోయినట్టుంటుందని...”

“ఇంటిదాకా వచ్చి నాన్నతో మాట్లాడి పారిపోతావా? నీకసలు బుద్ధుందా? పంటికింకా క్యాప్ వెయ్యలేదు, ఆ పన్ను కాస్తా విరిగిపోతే ఎవరిది బాధ్యత?”

“‘నువ్వు’ అన్నారు.”

“కోపంలో అన్నాను!”

“అయితే కోపంలోనే ఉండండి. నాకేం అభ్యంతరం లేదు.”

బస్సొచ్చి ఆగింది. అతను లేవలేదు. బస్సు వెళ్లిపోయింది.

“సారీ చెప్పడం నాకు రాదు” అందామె, రోడ్డు వంక చూస్తూ. “ముందూ వెనకా చూడకుండా నిన్ను తిట్టాను. వాళ్లు మా నాన్నకి చేసిందే నీకు చేశాను. నువ్వంటే నాకిష్టం. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.”

“నాకిప్పుడు ఉద్యోగం లేదు.”

“మా ఇంట్లో అది కొత్త కాదు. స్కూటరెక్కు.”

ఎక్కాడు.

ఆ తర్వాత అతనికి ఒక చిన్న రేడియోలో ఆటల వార్తలు చదివే పని దొరికింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. తల్లి రెండోసారి వడ్డిస్తుండగా తండ్రి ఫోన్ మోగింది. ఛైర్మన్. తండ్రి చెయ్యి కడుక్కోకుండా స్పీకర్ నొక్కాడు.

“కొత్తాయన కుదరలేదండీ. జరిగింది మర్చిపోండి. మీరు మళ్లీ రావాలి. జనం మీ పేరే అరుస్తున్నారు.”

“ఎన్నాళ్లకి?”

“ముందు ఈ సీజన్ చివరిదాకా చూద్దాం.”

కంచం ముందు ఆమె పిడికిళ్లు బిగిశాయి. ఒక్క క్షణం తండ్రి కళ్లు కిటికీలోంచి ఎటో వెళ్లాయి. ఆయన కుర్రాళ్లు ఇంకా ఆ గ్రౌండులోనే ఉన్నారు.

“కుదరదండీ” అన్నాడాయన నెమ్మదిగా. “ఇక్కడ ఒక కుర్రాణ్ని కొత్తగా తీసుకున్నాం. మంచివాడే గానీ మా అమ్మాయి ముందు నిలబడాలంటే చాలా తర్ఫీదు కావాలి. ఏళ్లు పడుతుంది.”

“ఏ క్లబ్బండీ?”

“మా ఇల్లే.”

అతనికి పొలమారింది. తల్లి నవ్వుతూ మంచినీళ్లు అందించింది.

“నాన్నా! నన్ను అడక్కుండానే...” అంటూ ఆమె లేచి ఫోన్ లాక్కుంది. “హలో, ఛైర్మన్ గారూ! వినండి!”

చిన్నప్పుడు మారిన బళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ వరసగా, పేరుపేరునా, ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేనిదంతా చెప్పింది. అవతల ఫోన్ ఎప్పుడో పెట్టేశారు. ఆ సంగతి తెలిసినా ఆమె ఆపలేదు. ఇంట్లో ఎవరూ ఆపమనలేదు. అతను కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాడు.

తిడుతూనే ఉంది గానీ, ఆ చేతిని మాత్రం వెనక్కి తీసుకోలేదు.