కుంకుమ భరిణెతో కొన్న ఇల్లు

వరలక్ష్మీ వ్రతం రేపనగా ఆ గురువారం పొద్దున్న హేమ తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, కుంకుమ భరిణె, పసుపు గిన్నె పళ్లెంలో సర్దుకుంటోంది. పక్కనే పీట మీద కూర్చుని ఇడ్లీ తింటున్న మొగుడు హరిబాబు ఆమె వెళ్లాల్సిన వీధులు చెప్పుకుపోతున్నాడు.

"ఈపాలి కొత్తపేట యెనకీదులు తిరుగు. అక్కడన్నీ పాత పెంకుటిల్లులే. గేటు తుప్పట్టినిల్లు, గోడ మీద రావిమొక్క మొలిసినిల్లు, ఒక్కటీ ఒగ్గీకు."

"పేరంటానికి పిలవడానికెల్తన్నానా, ఇల్లు సర్వే సెయ్యడానికెల్తన్నానా బావా?"

"రెండూను," అని నవ్వాడు హరిబాబు.

హేమ కూడా నవ్వింది. ఆ నవ్వు సంగతి ముందే ఒప్పేసుకోవడం మంచిది. తరవాత ఆమె ఎంత ఏడ్చినా, ఆ పొద్దున్న నవ్విన మాట మాత్రం నిజం.

గరివిడి ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి, పాత ఇళ్లు చవగ్గా కొని, బాగుచేసి అమ్మడమే పనిగా పెట్టుకుని హరిబాబుకి అప్పటికి ఐదేళ్లు. విశాఖలో ఏదో హోటల్లో ఒకరోజు క్లాసుకి వెళ్లి 'లీడు' అనే మాట నేర్చుకొచ్చాడు. ఇల్లు అమ్ముకోక తప్పని మనిషి జాడ తెలిస్తే దాని పేరు లీడట. ఆ జాడ కోసం పేపర్లలో కరపత్రాలు పెట్టించాడు, గోడల మీద ఫోన్ నంబరు రాయించాడు, గ్యాసు బండలు మోసేవాళ్లకీ కేబుల్ వాళ్లకీ కమీషన్ ఆశ చూపించాడు. ఫోన్లయితే బోలెడు వచ్చాయి. అన్నీ తనలాంటి బ్రోకర్లవే.

చివరికి అసలు దారి ఇంట్లోనే దొరికింది. కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలో నిలబడిన ముత్తయిదువ ముఖాన తలుపు వేసే ఇల్లు విజయనగరంలో లేదు. లోపలికి పిలుస్తారు, కుర్చీ వేస్తారు, మంచినీళ్లిస్తారు, ఆ నీళ్లు తాగేలోపు కష్టం చెప్పుకుంటారు. అన్నదమ్ముల తగువో, ఆసుపత్రి ఖర్చో, ఆగిపోయిన పెళ్లో. హేమ అవన్నీ మధ్యాహ్నం అన్నాల దగ్గర మొగుడికి చెప్పేది. నెల తిరక్కుండా హరిబాబు మనిషి దాలయ్య ఆ ఇంటి తలుపు తట్టేవాడు. ఐదేళ్లలో తొమ్మిది ఇళ్లు చేతులు మారితే అందులో ఆరు హేమ బొట్టు పెట్టి వచ్చినవే. ఇంటి గుట్టు లంకకు చేటంటారు గానీ, ఊరివాళ్ల ఇంటి గుట్టు మన ఇంటికి లాభమైతే ఎవరికి మాత్రం చేదు?

"ముందు నెల్లిమర్లెల్లి అత్తని పిలిసొచ్చేస్తాను," అంది హేమ పళ్లెం మీద రవికల గుడ్డ కప్పుతూ.

హరిబాబు నోట్లో ముద్ద ఆగిపోయింది. "ఎందుకు ఎండన పడి? నాను ఫోన్ సేసి సెప్తాన్లే."

"ఫోన్లో బొట్టెలాగ ఎడతావు బావా?" అని, ఆటో దొరకదంటూ హడావిడిగా వెళ్లిపోయింది.

జగ్గమ్మ హేమకి మేనత్త. నాలుగో ఏట తల్లి పోతే తెచ్చి పెంచింది ఆవిడే. ఆవిడ భర్త జోగయ్య జూట్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. పిల్లల్లేని ఆ ఇద్దరికీ హేమే కూతురు. హరిబాబు మొదటి ఇల్లు కొన్నప్పుడు కూలీలకి డబ్బుల్లేకపోతే, జోగయ్య రోజూ బస్సెక్కి విజయనగరం వచ్చి, నిచ్చెనెక్కి, తన చేత్తో ఆ ఇంటికి సున్నం వేశాడు. అలాంటి మనిషి మూడు నెలల కింద పక్షవాతమొచ్చి మంచాన పడ్డాడు. చూసొచ్చిన రోజు హేమ అన్నం ముద్ద మింగలేక మొగుడి దగ్గర భోరుమంది. తరవాత మాటలన్నీ ఫోన్లోనే అయ్యాయి, ఈ మధ్య అవీ తగ్గిపోయాయి.

నెల్లిమర్లలో ఆటో దిగిన హేమ అత్త ఇంటి ముందు నిలబడి, వీధి తప్పానేమో అనుకుంది. పాత తలుపులు ఊడదీసి గోడకి చేరేసి ఉన్నాయి. అరుగు పగలగొట్టి మెట్లు కడుతున్నారు. లోపల ఇద్దరు మనుషులు రంగులు వేస్తున్నారు. వాళ్ల మీద కేకలేస్తున్నది దాలయ్య.

"అమ్మగోరా! సారు సెప్పలేదేటి?" అన్నాడు దాలయ్య, తల గోక్కుంటూ.

సారు చెప్పడానికే వెనకాల బండి మీద వచ్చాడు. బండి దిగుతూనే "సాయంత్రం సెప్దావనుకున్నాను హేమా," అన్నాడు.

"అత్త ఏది? మావ ఏడి?"

"యెనకీదిలో గది అద్దెకి తీసి ఆల్లని ఉంచినాను. గాలీ ఎలుతురూ ఉన్నాది."

"ఎవుడు కొన్నాడు ఈ ఇల్లు?"

"దాలయ్య పేరున నానే. ఆరు లచ్చలు. రొక్కం. అత్తే ఫోన్ సేసినాది, 'అల్లుడా, ఈ రేటుకి ఇచ్చీవచ్చా' అనీసి."

"నువ్వేటన్నావు?"

హరిబాబు రోడ్డు వైపు చూశాడు. "మంచి రేటే అన్నాను."

"పది పలుకుతాది బావా ఈ ఈదిలో! నువ్వే సెప్పేవోడివి నాకు!"

"అరవకు. నోట్ల రద్దు కాణ్ణించి బేరాలు తెగడం లేదు. రెండిల్లు అమ్ముడుకాక పడున్నాయి. మావ మందులకి డబ్బులు కావాలా, ఒద్దా? నాను కాపోతే ఇంకొకడు ఐదుకే కొట్టీసును."

"ఇంకొకడు కొట్టీడం యేరు. నువ్వెలాగ కొట్టగలిగినావు? ఆల్లకి అంతవసరం ఉన్నాదని నీకెలాగ తెలిసింది?"

హరిబాబు ఈసారి ముఖం తిప్పుకోలేదు.

"నువ్వే సెప్పినావు. అత్త సెవులకి దుద్దుల్లేవన్నావు. కిరాణా కొట్టు అమ్మడు అరువు సరుకులియ్యడం మానేసిందన్నావు. మావకి కాలు సాగదీసే మనిషి రావడం మానేసినాడన్నావు. నాకు యేరే ఎవులు సెప్తారే?"

"నువ్వు ఏదైనా సాయం సేస్తావని ఏడ్సుకుంటా సెప్పినాను బావా!"

"ఊరోల్ల గురించి ఆరుసార్లు సెప్పినావు. అప్పుడు ఏడుపు రాలేదు. గాజులు సేయించుకున్నావు."

హేమ చేతి గాజుల వైపు చూసుకుంది. "తిరిగిచ్చీ. గాజులమ్మీ, మనిల్లమ్మీ, ఆల్లిల్లు ఆల్లకిచ్చీ," అంది.

"నాను మల్లీ అమ్మీసినాను. మొన్న సోమారం కొన్నోల్ల పేరున రిజిస్ట్రేషన్ అయిపోయినాది," అన్నాడు హరిబాబు నెమ్మదిగా. "ఈ పనులు ఆల్ల కోసమే. ఇప్పుడింక మన సేతుల్లో లేదు."

వెనక వీధిలో గది వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. జగ్గమ్మ గుమ్మంలోనే బియ్యం ఏరుతోంది. మేనకోడల్నీ, చేతిలోని పళ్లేన్నీ చూసి లేవలేదు.

"అత్తా, ఆ ఇల్లు కొన్నది దాలయ్య కాదు. బావ."

"తెలుసు. రిజిస్ట్రాఫీసులో ఏలిముద్రేసి తలెత్తితే కిటికీ అవతల నిలబడున్నాడు. నన్ను సూసి తల దించుకున్నాడు."

"నాకు తెలీదత్తా. అమ్మతోడు, నాకు తెలీదు."

"మావని సూడొచ్చిన రోజు ఇల్లంతా తిరిగి సూసినావు కదే. డబ్బాలు మూత తీసి సూసినావు, మందుల సీటీలు సూసినావు. నా పిల్ల, కట్టం కనుక్కుంటన్నాది అనుకున్నాను." జగ్గమ్మ చేట పక్కన పెట్టింది. "ఇప్పుడు దేనికొచ్చినావు? ఈ గది అద్దెదమ్మా. అమ్మడానికి మాది కాదు."

హేమ పళ్లెం అక్కడే కింద పెట్టేసింది. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఇన్నేళ్లూ తను గుమ్మం దిగి వెళ్లాక ఎంతమంది ఆడవాళ్లు ఇదే మాట అనుకుని ఉంటారో ఆ క్షణాన తెలిసింది. ఆ ఆరిళ్లలోనూ ఒక జగ్గమ్మ ఉండే ఉంటుంది. ఆవిడెవరో తనకి గుర్తు కూడా లేదు.

"హేమొచ్చినాదా?" లోపలి నుంచి జోగయ్య గొంతు, ముద్దగా. "రాయే. సున్నాలయిపోనాయా? ఇంటికెల్దావా?"

హేమ అత్త వైపు చూసింది. జగ్గమ్మ గొంతు తగ్గించి, "ఇల్లు బాగుసేయిస్తన్నారని సెప్పినాను. ఆ మాటైనా ఉండనీ," అంది.

హేమ ఉండనివ్వలేకపోయింది. లోపలికి వెళ్లి మంచం కోడు పట్టుకుని కూలబడింది. "ఇల్లు లేదు మావా. అమ్మీసినాం. బావే కొని అమ్మీసినాడు. నానే సెప్పినాను మావా, మీకు డబ్బుల్లేవని నానే ఆడికి సెప్పినాను." అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

జోగయ్యకి ఎంత అర్థమైందో తెలియదు. బాగున్న చేతిని మెల్లగా తెచ్చి ఆమె తల మీద వేశాడు.

"ఏడవకే. మీ బావ మంచోడు. తెలీక సేసుంటాడు. నాను మాటాడతాను. నా మాటింటాడు." గుమ్మం వైపు తల తిప్పి భార్యని కేకేశాడు. "ఒసే, నా సొక్కా ఇలాగియ్యి. ఎల్లొచ్చేస్తాం."

జగ్గమ్మ లేచి వచ్చింది. కొక్కేనికున్న తెల్లచొక్కా తీసి, చచ్చుపడిన చేతిని ఎత్తి మెల్లగా అందులో దూర్చింది. రెండో చెయ్యి కూడా తొడిగింది. అప్పటిదాకా ఏడవని మనిషి, కొంగుతో కళ్లొత్తుకుంటూ, "ఆ బొత్తాలెట్టవే. నాకు కనపడ్డం లేదు," అంది.

హేమ మోకాళ్ల మీద లేచి బొత్తాలు పెట్టడానికి చేతులు చాచింది. ఆమెకీ ఏదీ కనపడలేదు.