దగ్గుల పుస్తకం

పశువుల డాక్టరు పాకలో నిలబడి నోట్‌బుక్కు తిరగేశాడు. ఏ ఆవు ఏ రోజు ఎన్నిసార్లు దగ్గిందో అందులో రాయాలి. రెండు నెలలుగా అన్నీ సున్నాలే.

"ఎవరు రాశారు? మా ఆఫీసులో కూడా ఇంత పొందిగ్గా రాసేవాళ్లు లేరు."

"మా పిచుక," అన్నాడు నాన్న. వాగుడు ఎక్కువని పదేళ్ల కూతురికి ఆయన పెట్టిన పేరు అది. "పొద్దున్నే నీళ్లు పెట్టేది అదే."

"మరి ఇవాళ నోరు విప్పదేం?"

పిచుక ఖాళీ బకెట్టు పక్కకి జరిపింది.

రెండు నెలల కిందట ఆ వీధిలో ఆవులకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. వీధి చివర పాలాయన ఆవుని పశువుల ఆసుపత్రి వాళ్లు వ్యాన్‌లో తీసుకుపోయారు. అది మళ్లీ రాలేదు. "ఈ బాక్టీరియా ఊపిరిలోంచే అంటుకుంటుంది. కంటికి కనపడదు. దగ్గు మాత్రం వినపడుతుంది. వినండి, రాయండి. ఒక ఇంటి ఆవులు ఇంకో ఇంటివాటితో కలవకూడదు," అని డాక్టరు అప్పుడే చెప్పాడు.

నాలుగు రోజుల కిందట గోధుమరంగు పెయ్య నీళ్లు తాగుతూ ఆగింది. మెడ చాచి రెండుసార్లు దగ్గింది. పుట్టినప్పటి నుంచీ పిచుక వెంటే తిరిగిన పెయ్య అది. పిచుకకి వ్యాన్ గుర్తొచ్చింది. సున్నా వేసింది. తర్వాతి రోజులూ అంతే.

డాక్టరు పుస్తకం మూశాడు. "రేపట్నుంచి మీవీ పక్కింటివీ కలిసి మేతకి పోవచ్చు."

గోడ అవతలి నుంచి పక్కింటి అత్త నవ్వింది. "నీ పుణ్యమా అని మా వాటికి జైలు తప్పిందే, పిచుకా."

పిచుకకి ఆ గోడ వైపు చూడబుద్ధి కాలేదు.

"సార్," అంది చిన్నగా. "చివరి నాలుగు సున్నాలూ అబద్ధం. పెయ్య దగ్గుతోంది. ఇవాళ ఐదుసార్లు."

నాన్న తిట్టలేదు. డాక్టరు కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"రక్తం పరీక్ష చేయాలి," అన్నాడాయన సంచి తెరుస్తూ.

"తీసుకుపోతారా?"

"జబ్బుంటే తీసుకుపోవాలమ్మా. తీసుకుపోకపోతే పక్కింటి పాక, ఆ పక్క పాక... ఎక్కడా ఆగదు."

"పక్కింటి వాళ్లకి నేను చెప్తాలే," అన్నాడు నాన్న.

"వద్దు నాన్నా. నేనే చెప్తా."

చేతులూ కాళ్లూ సబ్బుతో కడుక్కుంది. పక్కింటి గేటు బయటే ఆగింది.

"అత్తా, రేపు మీ ఆవుల్ని విప్పకండి. మా పెయ్య దగ్గుతోంది. నాకు నాలుగు రోజుల నుంచి తెలుసు."

అత్త చేతిలో చీపురు ఆగిపోయింది. "నాలుగు రోజులా?"

"నాలుగు," అంది పిచుక. తిట్లు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడింది.