బట్టకో పాట

పడవ దిగిన కుర్రాడి చేతిలో ఒక పెట్టె ఉంది. పెట్టెలోంచి వైర్లు వేలాడుతున్నాయి. అంతే, అరగంట తిరక్కుండా మా ఊళ్ళో రేడియోలన్నీ మంచాల కిందికి చేరిపోయాయి.

లైసెన్సు కట్టకుండా రేడియో వినేవాళ్ళని పట్టుకోవడానికి అప్పుడప్పుడూ అధికారులు వచ్చేవారు. మా ఉయిస్ట్ దీవిలో లైసెన్సు కట్టినవాడు ఒక్కడే, అతనికి చెవుడు. టపా సంచుల కోసం రేవుకి వెళ్ళిన మర్సలే ఆ కబురు ఊరంతా మోసింది. మర్సలి పోస్టాఫీసులో పనిచేసే పిల్ల. మా పక్కిల్లే. నోరు కాస్త పెద్దది.

"మా ఊళ్ళో రేడియోలు లేవండీ," అందట అతనితో, అడక్కముందే.

"నాకు రేడియోలు అక్కర్లేదండీ. ముసలివాళ్ళు కావాలి."

"అయ్యో! వాళ్ళకి కూడా లైసెన్సు పెట్టారా?"

అతని పేరు లాక్లన్. ఎడింబరో నుంచి వచ్చాడు. మా గేలిక్ భాషలోని పాత పాటలూ కథలూ పెద్దవాళ్ళతోపాటే పోతున్నాయని, ఊరూరా తిరిగి టేపు మీదికి ఎక్కించడం అతని ఉద్యోగం. మా భాష అమ్మమ్మ దగ్గర కొంచెం, పుస్తకాల్లో ఎక్కువ నేర్చుకున్నాడట. "మీ ఆరోగ్యం ఏ రీతిగా ఉన్నది?" అని నన్ను పలకరిస్తే నవ్వాపుకోలేక ఇంట్లోకి పోయాను.

అతను అసలు వచ్చింది నల్లరేవు పాట కోసం. మాకందరికీ అందులో రెండు చరణాలు వచ్చు. మొత్తం పాట వచ్చింది మర్సలి నాయనమ్మ కిర్స్టీకి ఒక్కదానికే. ఆవిడకి ఎనభై దాటాయి, ఛాతీలో ఎప్పుడూ పిల్లికూతలు. ఆవిడ పోతే పాటా పోతుంది.

లాక్లన్ రోజూ వెళ్ళి ఆవిడ పొయ్యి పక్కన కూర్చునేవాడు. కిర్స్టీ టీ ఇచ్చింది, రొట్టె ఇచ్చింది, దెయ్యాల కథలు చెప్పింది. పాట మాత్రం పాడలేదు.

"అది బట్టకొట్టుడు పాట నాయనా. తడిబట్ట మీద చెయ్యి ఆనితేనే వస్తుంది. కుర్చీలో కూర్చుంటే దగ్గే వస్తుంది."

మగ్గం మీంచి దిగిన ఉన్నిబట్టని తడిపి, ఆడవాళ్ళం బల్ల చుట్టూ కూర్చుని, పాడుతూ బల్లకేసి కొట్టేవాళ్ళం. అలా కొడితేనే బట్ట బిగుస్తుంది, చలికి ఆగుతుంది. మిల్లులు వచ్చాక ఆ పని మిల్లులదైంది. మేం బల్ల దగ్గర కూర్చుని ఏళ్ళయింది.

"కొట్లో ఒక తాను కొనుక్కొస్తే?" అన్నాడు లాక్లన్.

"అది మిల్లులో దెబ్బలు తిని వచ్చిందేగా! చచ్చిన పామునా కొట్టేది?" అంది మర్సలి.

అలా అన్న పిల్లే మర్నాడు మిల్లుకి పంపాల్సిన తన బట్ట ఆపేసింది. చలికాలమంతా తను నేసుకున్నది. "ఏమే, ఎందుకు ఆపావు?" అంటే, "నాయనమ్మ పాట కోసం అత్తా" అంది. నేను నమ్మినట్టే తలూపాను.

బల్ల దగ్గరికి మగవాళ్ళు రాకూడదు. అందుకని పెట్టె ఎలా నడపాలో మర్సలికి నేర్పాడు. మైకూ పెట్టే లోపల, చెవులకి తగిలించుకునేది కిటికీలోంచి వైరుతో బయట, అతని దగ్గర.

"ఈ మీట నొక్కాలి. రీలు చివరికొస్తే వెంటనే మార్చాలి. భయపడకండి."

"భయమెందుకు? కరుస్తుందా?"

"కరవదు. మీకంటే నెమ్మదస్తురాలు."

మర్సలి మొహం తిప్పుకుంది, నవ్వు అతనికి కనపడకుండా. నాకు కనపడింది.

ఆ శనివారం ఎనిమిది మందిమి కూర్చున్నాం. బట్ట తడిపే నీళ్ళలో మంచం కింది కుండల్లోంచి ఏం తెచ్చి కలుపుతామో చెప్పను, ముక్కున్నవాళ్ళకి తెలుస్తుంది. బయట సన్నవానలో లాక్లన్ గోడకానుకుని నిలబడ్డాడు. నాలుగు పాటలయ్యాయి. బట్ట వేడెక్కింది. అప్పుడు కిర్స్టీ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

*నల్లరేవు దాటిపోయినవాడా, తెడ్డు తడి ఆరకముందే తిరిగి రా...*

మేం వంత పాడుతున్నాం. నేను ఎప్పుడూ వినని చరణాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. మర్సలి నాయనమ్మ మొహంకేసే చూస్తూ బట్ట కొడుతోంది. రీలు అయిపోయి దాని కొస టపటప కొట్టుకుంటోంది. బల్ల చప్పుడులో అది ఎవరికి వినపడుతుంది, బయట చెవులకి తగిలించుకున్నవాడికి తప్ప?

పాట ముగిసేసరికి తలుపు ధన్మని తెరుచుకుంది.

"రీలు మార్చలేదు! సగం పాట పోయింది! మర్సలీ, మిమ్మల్ని నమ్మాను కదా! అమ్మా, మళ్ళీ మొదట్నుంచి పాడండి!"

మగవాడు లోపలికి రావడం ఒక తప్పు. పాడిన పాట మళ్ళీ పాడమనడం అంతకంటే పెద్ద తప్పు. ఒకే బట్ట మీద ఒక పాట రెండుసార్లు పాడితే, ఆ బట్ట తొడుక్కున్నవాళ్ళకి కీడని మా నమ్మకం.

మొదటి తప్పుకి శిక్ష వెంటనే పడింది. ఎనిమిది మందిమీ అతన్ని పట్టుకుని తడిబట్టలో చాపలా చుట్టేశాం.

"పెట్టె జాగ్రత్త!" అని అరిచాడు లోపల్నుంచి.

చివర్లో బట్ట మడతపెడుతూ చప్పట్ల పాట పాడతాం. అందులో పెళ్ళికాని పిల్లకి ఒక అబ్బాయి పేరు అంటగడతాం. ఆ పిల్ల అక్కడికక్కడే పాటలో జవాబివ్వాలి. కిర్స్టీ అంది, "మా మర్సలిని ఎవరికిద్దాం? ఎడింబరో లాక్లన్‌కిద్దాం."

మర్సలి మొహం ఎర్రగా ఉంది. అందరిముందూ పడిన మాట ఇంకా చల్లారలేదు. "తెరచాప లేని పడవెక్కించి పంపెయ్యండి!" అని పాడింది. అతను తలుపు దగ్గర, జుట్టులోంచి నీళ్ళు కారుతూ, విన్నాడు.

సోమవారం పడవకి వెళ్ళిపోయాడు. రేవులో టపా సంచులతో మర్సలి ఎలాగూ ఉంటుంది కదా.

"తప్పు నాదే. ఆ పాట వింటూ ఎవరికి మాత్రం మీట గుర్తుంటుంది? మీమీద అరిచి ఉండకూడదు," అన్నాడు.

"ఉండకూడదు."

"ఇంకో బట్ట ఎప్పుడు?"

"గొర్రెల్ని అడగండి."

అతను నిజంగానే ఒడ్డున మేస్తున్న గొర్రెలకేసి తిరిగి, "ఎప్పుడండీ?" అన్నాడు. ఆ పిల్ల నవ్వేసింది. పడవ కనుమరుగయ్యేదాకా సంచులు అక్కడే ఉన్నాయి. ఆ రోజు టపా అందరికీ ఆలస్యమైంది.

ఇక ఆ ఇంట్లో రాట్నం ఆగలేదు. మర్సలి వడుకుతుంటే, కిర్స్టీ మంచంలోంచి ఒక్కో చరణం చెప్పేది. "పెట్టెకిస్తే పెట్టెలో ఉంటుందే. నీకిస్తే నువ్వు పాడతావు," అనేది. జనవరిలో ఆవిడకి జ్వరమొచ్చింది. ఇక దక్కదనుకున్నాం. "బట్ట పూర్తి కాలేదుగా, ఎక్కడికి పోతాను?" అంది.

వసంతంలో బట్ట మగ్గం దిగింది. మర్సలి టెలిగ్రాం కొట్టింది. "బట్ట సిద్ధం. రీళ్ళు ఎక్కువ తీసుకురండి."

లాక్లన్ వచ్చాడు. ఈసారి కిటికీ బయటే, కదలకుండా. మర్సలి ముందే కొత్త రీలు ఎక్కించి బల్ల దగ్గర కూర్చుంది. కిర్స్టీ బట్ట మీద చేతులుంచి ఎత్తుకుంది. మూడో చరణంలో ఊపిరి అందలేదు. బల్ల మీద దెబ్బ తప్పకముందే మర్సలి అందుకుంది. అదే వరస, అదే విరుపు. కిర్స్టీ చేతులు ఆపలేదు. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే. చివరి చరణం దాకా పాట టేపు మీద పడింది.

మడతపెట్టేటప్పుడు కిర్స్టీ గొంతు పీలగా లేచింది. "మా మర్సలిని ఎవరికిద్దాం? వానలో నిలబడ్డవాడికిద్దాం."

మర్సలి కిటికీవైపు చూడలేదు. నేరుగా మైకుకేసి చూసి పాడింది.

"తెరచాప దించెయ్యండి, పడవని ఒడ్డుకి లాగెయ్యండి!"

బయట ఏదో ధబ్బున పడింది. తలుపు తీసి రమ్మంటే వచ్చాడు, మోకాళ్ళ నిండా బురద.

"చివరి మాట సరిగ్గా పడిందో లేదో... ఇంకోసారి పాడవా?"

అతన్ని మళ్ళీ చుట్టెయ్యడానికి మేమందరం బట్ట విప్పబోయాం. మర్సలి చెయ్యి అడ్డం పెట్టింది.

"బట్టకో పాట. ఒకసారే. విన్నావా, లేదా?"

"విన్నాను."

"అయితే సరే."

"ఇంకేం, ఈ బట్టతోనే వాడికి పెళ్ళి కోటు కుట్టించండి," అంది కిర్స్టీ. తర్వాత దగ్గు తెర వచ్చింది, టీ కావాలంది.

ఆ టేపు ఎడింబరోలో ఉంది. పాట మాత్రం మా ఊళ్ళోనే ఉంది, ఇప్పుడు మర్సలి కూతురికి కూడా వచ్చు. కోటు లాక్లన్ ఒంటిమీదే. వాన పడితే ఇప్పటికీ ఆనాటి వాసన వేస్తుంది. మర్సలి ముక్కు మూసుకుని, అతని చెయ్యి పట్టుకునే నడుస్తుంది.