పదో ర్యాంకు శ్రీదుర్గ

"శశిభూషణ్ గారంటే మీరేనాండి?"

కాలేజీ గేటు దగ్గర స్కూటీ స్టార్ట్ చేస్తున్న శశి తలెత్తి చూశాడు. ఎదురుగా పూల కుండీలతో నిండిన పికప్ వ్యాను. డ్రైవింగ్ సీటు కిటికీలోంచి ఒక అమ్మాయి చూస్తోంది. ఆ ముఖం ఎక్కడో చూసినట్టే ఉంది.

"నేనేనండి. మీరు?"

"మీరు పదో ర్యాంకు ఇచ్చిన శ్రీదుర్గనండి."

శశి గతుక్కుమన్నాడు.

అతను రాజమండ్రిలో ఓ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. కాలేజీ అయ్యాక యూట్యూబులో మోటార్ రేసింగ్ గురించి చెబుతాడు. నిజం చెప్పాలంటే రెండో క్లాసుకే జనం ఎక్కువ. ఏటా జూనియర్ ఫార్ములా సీజన్ మొదలయ్యే ముందు, కొత్తగా దిగుతున్న రూకీలందరికీ ర్యాంకులివ్వడం అతని ప్రత్యేకత. ఈసారి పది మంది రూకీలు. సెలక్షన్ టెస్టు నుంచి బయటికొచ్చిన వీడియో ముక్కలు చూసి తీర్పులిచ్చేశాడు. పుణె కుర్రాడు టైర్లలోంచి పొగలు తెప్పిస్తూ మలుపు తిరిగాడు కాబట్టి వాడికి ఫస్టు. ఈ కడియం అమ్మాయి కారుకి పొగా లేదు, కీచుమనే చప్పుడూ లేదు. "ఈవిడ రేసుకి వెళ్తున్నారా, కొత్త పెళ్లికూతుర్ని అత్తారింట్లో దింపడానికి వెళ్తున్నారా?" అని జోకేసి పదో ర్యాంకు పడేశాడు. ఆ జోకుకి బోలెడు లైకులొచ్చాయి.

"జోకు బాగుందండి," అంది శ్రీదుర్గ. "మా వీధంతా నవ్వారు. మా నాన్నొక్కరే నవ్వలేదు. సీజనూ వద్దు, గీజనూ వద్దు, ఇంట్లో ఉండమన్నారు."

"అదేంటండి, నా వీడియో చూసా?"

"ఫిజిక్స్ లెక్చరరు గారు తప్పు చెబుతారా అంటున్నారండి! పది మందిలో పదోదానివైతే అంత దూరం వెళ్లి పరువు తీసుకోవడం ఎందుకంట. ఈ వారంలో టీముకి మాట చెప్పకపోతే నా సీటు ఇంకొకరికి పోద్దండి."

శశికి జాలేసింది. కానీ బింకం కూడా ఉంది కదా. "బతిమాలితే ర్యాంకు మార్చనండి."

"ఎవరు మార్చమన్నారండి? బండెక్కమంటున్నాను. ఆదివారం పాలకొల్లుకి లోడుంది. నా పక్కన కూర్చోండి. దిగాక కూడా పదే అనిపిస్తే మా నాన్నకి మీరే చెప్పండి. నేను నోరెత్తను."

బండెక్కమనగానే శశి కడుపులో తిప్పింది. దానికో కారణముంది. వేలమందికి రేసింగ్ పాఠాలు చెప్పే శశికి కారు పడదు. కారెక్కి ఊరు దాటాడంటే వాంతే. బస్సూ అంతే, జీపూ అంతే. ఎక్కడికెళ్లినా స్కూటీ మీదో, రైల్లోనో. ఇంట్లోవాళ్లకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే ఛానెల్ మూసుకోవాల్సిందే.

"భయమాండి?" అంది శ్రీదుర్గ. కళ్లలో కోపం ఉంది. ఆ కోపం వెనకాల కాస్త నవ్వు కూడా దాక్కుని ఉంది.

"భయమేంటండి! వస్తాను," అన్నాడు శశి. అనేశాక తన నోటిని తనే తిట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున్న టిఫిన్ మానేసి, బుగ్గన శొంఠిముక్క, జేబులో నిమ్మకాయ, ప్యాంటు జేబులో రెండు ప్లాస్టిక్ కవర్లు పెట్టుకుని కడియం వెళ్లాడు. శ్రీదుర్గ నాన్న గంగరాజు నర్సరీ గేటు దాకా ఎదురొచ్చి, "రండి మాస్టారూ, కాఫీ తాగండి," అన్నాడు. కాఫీ అంటే మళ్లీ భయం. వద్దన్నాడు శశి.

"పోనీలెండి. నేనూ వస్తున్నాను మీతో," అన్నాడు గంగరాజు.

ముందు సీటులో ముగ్గురూ ఇరుక్కున్నారు. మధ్యలో శశి. వెనక విరగబూసిన చామంతి కుండీలు, పాలకొల్లులో ఏదో పెళ్లికి.

"చామంతి మహా సున్నితమండి," అన్నాడు గంగరాజు. "బ్రేకు గట్టిగా తొక్కితే కుండీ కుండీ కొట్టుకుని కొమ్మ విరిగిపోద్ది. ఒక్క కొమ్మ విరిగినా మా అమ్మాయి ఆ పూట అన్నం తినదు. ఇంజినీరింగ్ చదివేటప్పుడు కూడా సెలవలొస్తే ఇదే పని."

వేమగిరి దాటారు. అటు చూస్తే గంగరాజు మీసాలు. ఇటు చూస్తే శ్రీదుర్గ. శశి ఇటే చూశాడు.

"ఏంటండి అలా చూస్తున్నారు?"

"టెక్నిక్ చూస్తున్నానండి."

"టెక్నిక్ స్టీరింగ్ దగ్గరుందండి. నా ముఖంలో లేదు."

గంగరాజు గట్టిగా దగ్గాడు. శశి బుద్ధిగా రోడ్డు చూశాడు.

రావులపాలెం వంతెన ఎక్కేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. గోదారి మీంచి చల్లగాలి కొట్టింది. వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. శశికి గుర్తున్నది అంతవరకే.

"మాస్టారూ, పాలకొల్లు!"

కళ్లు తెరిచేసరికి అతని తల గంగరాజు భుజం మీదుంది. ఆ భుజం మీద చొక్కా కాస్త తడిసింది కూడా. అది వాన తడి కాదు.

శ్రీదుర్గ ముఖం కందగడ్డలా అయిపోయింది. "నా డ్రైవింగు అంత బోరు కొట్టిందాండి? మీ తీర్పు అర్థమైందిలెండి. పదో ర్యాంకు కూడా ఎక్కువే నాకు!" అని తలుపు ధడాలున వేసి, కుండీలు దింపించడానికి వెళ్లిపోయింది.

శశి సీటులోనే కూర్చుని కడుపు తడుముకున్నాడు. ఏ గొడవా లేదు. పైగా ఆకలేస్తోంది! సిద్ధాంతం దాటాక కాలవగట్టు వెంట అన్ని మలుపులుంటాయి. అన్ని మలుపులూ తను హాయిగా నిద్రపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఏ బండిలోనూ అతనికి కునుకు పట్టింది లేదు.

అప్పుడు తట్టింది. పొగొచ్చిందంటే టైరు రోడ్డు మీద పట్టు వదిలేసినట్టు. ఏటా పిల్లలకి ఘర్షణ పాఠంలో తను చెప్పేది అదే. బోర్డు మీద చెప్పిన పాఠం స్క్రీన్ మీద మర్చిపోయాడు!

దిగి నేరుగా గంగరాజు ముందుకెళ్లాడు. జేబుల్లోంచి నిమ్మకాయా, రెండు కవర్లూ తీసి బానెట్ మీద పెట్టాడు.

"ఇవేంటి మాస్టారూ?"

"నాకు కారు పడదండి. ఎక్కితే వాంతులండి."

"మరి రేసుల గురించి అన్ని కబుర్లు..."

"ఇంట్లో కూర్చుని చెబుతానండి."

గంగరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కుండీ పట్టుకుని వస్తున్న శ్రీదుర్గ ఆగిపోయింది. "అంటే... నిద్రపోయింది బోరు కొట్టి కాదాండి?"

"బండిలో నేను పడుకోవడం ఇదే మొదటిసారండి. మీరు మలుపు తిప్పితే ఒంటికి తెలియట్లేదు. ఒంటికి తెలియలేదంటే టైరుకీ తెలియదు. మిగతావాళ్ల టైర్లు సగం రేసుకే అరిగిపోతాయి. మీవి చివరిదాకా ఉంటాయి." గంగరాజు వైపు తిరిగాడు. "నేను తప్పు చెప్పానండి. అమ్మాయిగారిని పంపించండి."

గంగరాజు నవ్వు ఆపి ఆలోచించాడు. "నాకు చెబితే సరిపోదు మాస్టారూ. తప్పు నలుగురిలో చెప్పారు కదా."

ఆ సాయంత్రమే శశి వీడియో పెట్టాడు. వాంతుల సంగతి, నిద్ర సంగతి, ఏదీ దాచలేదు. జనం ఎంత నవ్వారంటే, సోమవారం క్లాసులోకి వెళ్లేసరికి అతని టేబుల్ నిండా నిమ్మకాయలు. తలొంచుకుని అన్నీ సంచీలో వేసుకున్నాడు.

గంగరాజు మాత్రం మెత్తబడ్డాడు. "ఒక్క రేసుకి పంపుతాను. నేనూ వచ్చి చూస్తాను. మిగతా సీజన్ మాట ఆ తర్వాతే," అన్నాడు.

శ్రీదుర్గ ప్రాక్టీసుకి చెన్నై వెళ్లింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. మొదట్లో టైర్ల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత భోజనాల గురించి. ఆ తర్వాత దేని గురించో ఇద్దరికీ తెలియదు గానీ, ఫోన్ పెట్టేయడానికి మాత్రం మనసొచ్చేది కాదు.

రేసు రోజు శశీ గంగరాజూ రైలెక్కి చెన్నై వెళ్లి స్టాండ్‌లో కూర్చున్నారు. శశి కాలరుకి మైకు పెట్టుకుని ఛానెల్‌లో లైవ్ మొదలుపెట్టాడు. కడియంలో నర్సరీల వాళ్లంతా పనులాపి ఫోన్ల ముందు కూర్చున్నారట.

శ్రీదుర్గ ఎనిమిదో స్థానం నుంచి మొదలుపెట్టింది. రెండు ల్యాపులయ్యేసరికి వాన దంచేసింది. కార్లు ఒకదాని వెనక ఒకటి జారాయి. ఒకటి గిర్రున తిరిగింది. ఒకటి గడ్డిలోకి పోయింది. శ్రీదుర్గ కారు మాత్రం ఏ తొందరా లేనట్టు మెత్తగా వస్తూ, ఒక్కొక్కర్నీ దాటుతోంది.

"ఆరు... ఐదు... మూడండి, మూడు!" శశి గొంతు పోతోంది.

చివరి ల్యాపుకి వచ్చేసరికి ఆమె ముందు పుణె కుర్రాడు ఒక్కడే మిగిలాడు. ఆఖరి మలుపులో వాడు ఆలస్యంగా బ్రేకు తొక్కాడు. కారు మలుపు బయటి వైపుకి జారింది. లోపలి వైపు ఖాళీలోంచి శ్రీదుర్గ జారకుండా, తడబడకుండా, నీటుగా బయటికొచ్చింది. గీత దాటింది.

ఫస్టు!

గంగరాజు శశి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "మాస్టారూ, మా అమ్మాయేనాండి? సరిగ్గా చూశారా?"

"మీ అమ్మాయేనండి!"

కాసేపటికి తడిసిన జుట్టుతో, చంకలో హెల్మెట్‌తో శ్రీదుర్గ పరిగెత్తుకొచ్చింది. వచ్చీ రాగానే నాన్న ముఖం చూసింది. ఆమెకి కావలసిన తీర్పు అక్కడుంది.

"ఎన్ని రేసులుంటే అన్నిటికీ వెళ్లు తల్లీ," అన్నాడు గంగరాజు. "ఇంక నేను అడ్డు చెప్పను."

నాన్నని వాటేసుకుని కళ్లు తుడుచుకుంది. తర్వాత శశి వైపు చూసింది. "మీరెందుకు ఏడుస్తున్నారండి?"

"ఏడుపు కాదండి, వాన."

"స్టాండ్‌కి పైకప్పుందండి."

ఇక దాచడం శశి వల్ల కాలేదు. "శ్రీదుర్గ గారూ, మీరంటే నాకు ప్రాణమండి. ఇది ప్రతి సాయంత్రం చెబుదామనుకుని టైర్ల గురించి చెప్పానండి."

శ్రీదుర్గ బుగ్గలు ఎర్రబడ్డాయి. గంగరాజు ఆకాశం వంక చూశాడు. అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. ఇంటి దగ్గర్నుంచి భార్య పాపాయి. స్పీకరు నొక్కకుండానే ఆవిడ గొంతు ముగ్గురికీ వినపడింది.

"ఏవండీ, మాస్టారు అన్నది ఇక్కడందరూ విన్నారు! మనమ్మాయి ఏమందో వినపడట్లేదు. ఏమందండీ? వీధంతా మనింట్లోనే కూర్చున్నారు!"

శశి తన కాలరు వంక చూసుకున్నాడు. మైకు ఇంకా వెలుగుతూనే ఉంది. ఆపబోయిన అతని చేతిని శ్రీదుర్గ పట్టుకుని ఆపేసింది. అటు పోడియం దగ్గర ఆమె పేరు పిలుస్తున్నారు. ఆమె వంగి, మైకు దగ్గర నోరు పెట్టింది.

"అమ్మా, నాకూ ప్రాణమేనని చెప్పు అందరికీ. కప్పు తీసుకుని వస్తున్నా."

ఫోన్‌లో కడియం కేకలు వినపడుతుండగా, శశి చెయ్యి వదిలి ఆమె వానలోకి పరిగెత్తింది.