నెల్డా కనుమలో జవాబు

నెల్డా కనుమలో పొద్దు వాలాక ఎవరూ ఆగరు. మా ఐడహో కొండల్లో ఎలుగుబంటి ఎదురొస్తే టోపీ తీసి పలకరించేంత మొనగాళ్ళున్నారు. వాళ్ళు కూడా ఆగరు.

పటంలో దానికి వేరే పేరుంది. ఆ పేరు ఇప్పుడెవరికీ గుర్తు లేదు. రెండు కొండల మధ్య ఇరుకు దారి, అడుగున రాళ్ళ వాగు, పైదాకా నల్లగా, దేవదారుల్లాంటి ఫర్ చెట్లు. పగలు చూస్తే భయపడాల్సిందేమీ కనబడదు. కానీ మంచు పడబోయే ముందు, ఎల్క్ దుప్పుల వేట మొదలయ్యే రోజుల్లో, సాయంత్రం వెలుగు పోతున్న వేళ... అక్కడొక ఆడమనిషి అరుస్తుంది.

ఎక్కడో ఇరుక్కుపోయిన మనిషి గొంతు చించుకుని పిలిచినట్టుంటుంది. ఒకసారి... కాసేపు ఏమీ ఉండదు... మళ్ళీ ఒకసారి. విన్నవాడికి ఆ రాత్రి అన్నీ ఆ అరుపులాగే వినబడతాయి, పొయ్యి మీద నీళ్ళు మరిగినా సరే.

మా వేట జట్టులో వెర్న్ అని ఒకడున్నాడు. కంచరగాడిద కంటే మొండివాడు, నోటి దురుసు కూడా. ఒక ఏడాది ఆ కనుమలో దుప్పిని కొట్టి, సగం కోసి గాడిద మీద కట్టేసరికి ఆ అరుపు వినబడింది. మిగతా సగం మాంసం అక్కడే వదిలేసి గుడారం దాకా ఆగకుండా పరుగెత్తుకొచ్చాడు. గాడిద వాడి కంటే ముందే వచ్చిందనుకోండి. మాంసం ఏదిరా అని అడిగితే, ఆవిడకే ఉంచానన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. మర్నాడు ఆ మాంసం కోసం తోడు రమ్మంటే మాత్రం ఒక్కడూ కదల్లేదు, నాతో సహా.

ఆ అరుపు విని పారిపోనివాడు మా జట్టులో ఒక్కడే — ఆర్లో. నెల్డా ఆర్లో పెళ్ళాం.

వాళ్ళిద్దరూ ఎప్పుడూ కలిసే వేటకొచ్చేవాళ్ళు. నెల్డా పైన రాళ్ళలో దాక్కుని ఆడదుప్పిలా కూసేది. ఆ కూతకు మగదుప్పి దిగి వచ్చేది. కింద ఆర్లో తుపాకీతో కాచుకుని ఉండేవాడు. ఆమె కూత వింటే దుప్పులే కాదు, పక్క గుడారాల వేటగాళ్ళు కూడా మోసపోయి తుపాకులు పట్టుకుని వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళకు కాఫీ పోసి, పెద్ద దుప్పులే పడ్డాయి ఇవాళ అని నవ్వేది. అలాంటి మనిషి.

ఆ చివరి సాయంత్రం కూడా ఆమె కూతకు ఒక మగదుప్పి వచ్చింది. చెట్ల సందుల్లోంచి కొమ్ములు కనబడుతున్నాయి. ఆర్లో ఊపిరి బిగబట్టి తుపాకీ ఎత్తాడు. అప్పుడు పైనుంచి నెల్డా పిలిచింది. దుప్పి కూత కాదు... పేరు పెట్టి. "ఆర్లో" అని.

దుప్పి దగ్గరకొచ్చాక మేం నోరు మెదపం. కన్నతల్లి పిలిచినా పలకం. ఇక్కడ పుట్టిన ప్రతివాడూ చిన్నప్పుడే చెంపదెబ్బలు తిని నేర్చుకునే సంగతి ఇది. ఆర్లో పలకలేదు. పైగా, ఈ మనిషికి బుద్ధి లేదా, దుప్పి బెదిరిపోదూ అని లోపల తిట్టుకున్నాడట. దుప్పి ఇంకాస్త ముందుకొచ్చింది. కొట్టాడు. ఒక్క గుండుకే పడిపోయింది.

ఆ సంతోషంలో ఆమెకు చెబుదామని పైకెక్కి చూస్తే — నెల్డా రాతి అంచు జారి, బండల మధ్య పడి ఉంది. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. ప్రాణం లేదు.

వెంటనే వెళ్ళినా బతికేది కాదని డాక్టరు చెప్పాడు. మేమూ వెయ్యిసార్లు చెప్పాం. ఆర్లోకి కావలసింది ఆ మాట కాదు. "పిలిస్తే పలకలేదురా... నేను లేననుకుంటూ పోయింది" అనేవాడు. అంతకు మించి ఏమీ అనేవాడు కాదు.

మరుసటి ఏడాదే ఆ అరుపు మొదలైంది.

మొదటిసారి విన్న సాయంత్రం మేమంతా గుడారంలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వణికిపోయాం. ఆర్లో మాత్రం లేచి నిలబడ్డాడు. నెల్డా పోయాక వాడి మొహంలో వెలుగు చూడటం అదే మొదలు. "పిలుస్తోంది" అన్నాడు మెల్లగా.

అప్పటి నుంచి ఏటా అంతే. వేటకని వస్తాడు, భుజాన తుపాకీ కూడా ఉంటుంది, గుండ్లు మాత్రం జేబులోనే. సాయంత్రం కాగానే వెళ్ళి నెల్డా పడినచోటికి కింద ఒక బండ మీద కూర్చుంటాడు. అరుపు వినబడుతుంది. ఒక్కసారి పలకాలి, అంతే వాడి కోరిక. నోరు తెరుస్తాడు... గొంతు పెగలదు. అరుపు ఆగిపోతుంది. చీకట్లో తడుముకుంటూ గుడారానికి తిరిగొచ్చి, రేపు పలుకుతాలే అంటాడు. ఆ రేపు ఏళ్ళ తరబడి రాలేదు.

మొన్నటి వేట నాటికి వాడి మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. మరో ఏడాది కొండ ఎక్కడం వాడివల్ల కాదు. ఇదే ఆఖరని వాడికీ తెలుసు, మాకూ తెలుసు.

ఆ మధ్యాహ్నం వాగు నీళ్ళతో గడ్డం గీసుకున్నాడు. వేట గుడారంలో గడ్డం గీసుకునేవాడు లోకంలో ఉండడు. "ఏరా, పెళ్ళికొడుకులా తయారయ్యావు" అనేశాడు వెర్న్. అనేసి నాలిక్కరుచుకున్నాడు. ఆర్లో నవ్వాడు. "ఇవాళ పలుకుతానురా" అన్నాడు.

నేను కనుమ మొదలుదాకా తోడు వెళ్ళాను. లోపలికి వెళ్ళే ధైర్యం లేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. గుర్రాలు పట్టుకుని కింద నిలబడ్డాను. ఇక్కడి నుంచి ఆర్లో నాకు చెప్పిందీ, నేను విన్నదీ కలిపి చెబుతున్నా.

వాడు బండ మీద కూర్చున్నాడు. వెలుగు పోతోంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. గాలి లేదు, పిట్ట కూడా కూయడం లేదు...

అరుపు వచ్చింది.

ఎప్పటిలా పైనుంచి కాదు. దగ్గర్నుంచి... వెనక చెట్లలోంచి.

వాడి ఒళ్ళు ఝల్లుమంది. నోరు తెరిచాడు. మళ్ళీ అరుపు — ఇంకా దగ్గరగా. వాడు బండ పట్టుకుని లేచాడు. "ఇక్కడే ఉన్నా" అన్నాడు. గుసగుసగా, తనకే సరిగ్గా వినబడనంత నెమ్మదిగా.

చెట్ల కింద ఎండు ఆకులు కదిలాయి. ఆర్లో వెనక్కి తిరిగాడు. ఆ క్షణం నవ్వుతున్నానని నాతో చెప్పాడు. భయం వేయలేదట. ఇన్నేళ్ళకు వచ్చింది కదా అనుకున్నాడట.

చెట్లలోంచి కొండసింహం బయటికొచ్చింది.

పొట్ట నేలకానించి, చెవులు వెనక్కి విరిచి, తోక కొట్టుకుంటూ వస్తోంది. జూలు లేని పెద్ద పిల్లిలా ఉంది, మనిషంత పొడుగుంది. అప్పుడు చూశాడు వాడు — తను కూర్చున్న బండ పక్కనే ఆకులూ దుమ్మూ కప్పేసి సగం తిన్న జింక ఉంది. అది దాచుకున్న తిండి పక్కన వీడు చేరి కూర్చున్నాడు. అదెలా ఊరుకుంటుంది?

వాడి కళ్ళలోకి సూటిగా చూస్తూ అది నోరు తెరిచింది.

నెల్డా గొంతు వచ్చింది.

అదే అరుపు. ఏళ్ళ తరబడి వాడు వింటున్నది, మేం వణికిపోయినది, కనుమకు పేరు పెట్టించినది... ఆ పసుపు పళ్ళ మధ్య నుంచి వచ్చింది.

వాడి చెయ్యి జేబులో గుండ్ల మీదకు వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఆ గొంతు మీద తుపాకీ ఎలా ఎక్కుపెట్టేదిరా అన్నాడు నాతో.

అది ఒక్క దూకు దూకి, వాడి ముందు ఆగి, బుస్సుమంది. కొండసింహం మీదికొస్తే పరుగెత్తకూడదు, వెన్ను చూపకూడదు. చేతులెత్తి, పెద్దగా కనబడి, గొంతు కొద్దీ అరవాలి. ఏం అరిచినా పరవాలేదు. ఆర్లో కోటు రెండు వైపులా విప్పి పట్టుకుని అరిచాడు. వాడి గొంతులో ఏళ్ళుగా ఉన్నది ఒక్కటే మాట. అదే వచ్చింది.

"ఇక్కడే ఉన్నా నెల్డా... ఇక్కడే ఉన్నా! వస్తున్నా!"

కింద నాకు వినబడింది. కనుమంతా ఆ మాటే తిరిగింది. గుర్రాలు బెదిరి గింజుకుంటున్నాయి. నేను మాత్రం టోపీ తీసేశాను. పలికాడు, చివరికి పలికాడు అనుకున్నాను. నా కళ్ళు చెమ్మగిల్లాయి కూడా.

కానీ ఆర్లో అరుపు ఆగలేదు. గొంతు పగిలిపోతున్నా ఆగలేదు. ఇక నా వల్ల కాక, గుర్రాలను కట్టేసి, తుపాకీ పట్టుకుని పైకి పరుగెత్తాను.

నేను చేరేసరికి ఆ జంతువు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. నన్ను చూసి, ఒకసారి పళ్ళు చూపించి, చెట్లలోకి జారుకుంది. ఆర్లో కోటు చాచుకుని ఇంకా అరుస్తూనే ఉన్నాడు. నేను వెళ్ళి వాడి చేతులు పట్టుకుని కిందికి దించాల్సి వచ్చింది.

గుడారంలో సంగతి విని వెర్న్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్నేళ్ళు ఒక పిల్లికి భయపడి చచ్చామా అన్నాడు. అందరికీ విస్కీ పోశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ గుండెల మీద బరువు దిగినట్టైంది. ఆర్లో పక్కన కూర్చున్నాను.

"మంచిదేగా రా" అన్నాను. "పాపం నెల్డా అక్కడేం అవస్థ పడటం లేదు. ఏనాడో హాయిగా నిద్రపోయింది."

వాడు తల ఊపాడు. పొయ్యిలోకి ఒక కట్టె తోశాడు. తర్వాత, మిగతావాళ్ళు వినకుండా, నాతో అన్నాడు.

"ఏటా పిలుస్తోంది కదా, ఎప్పుడో ఒకప్పుడు పలకొచ్చులే అనుకున్నా..."

విస్కీ గ్లాసు కింద పెట్టాడు.

"నెల్డా నన్ను పిలిచింది ఆ ఒక్కసారేరా."