డెబ్బై తొమ్మిది డాలర్ల టికెట్

చెకిన్ లైనులో తన ముందు నిలబడిన మనిషి వెనక్కి తిరిగేసరికి తేజశ్రీకి ఒళ్ళు మండిపోయింది.

"మీరా?" అంది.

"నమస్తే అండీ," అన్నాడు కిరీటి, దొరికిపోయినవాడిలా.

మండదూ మరి! కెనడాలోని ఈ వాటర్లూ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పది రోజుల కిందట స్పారో జెట్ అనే చవక విమానాల కంపెనీ గురించి చాంతాడంత మెసేజ్ పెట్టింది ఈ మహానుభావుడే. ఆ కంపెనీకి ఉన్నవి మూడే విమానాలట. ఒకటి మూలపడితే బదులుగా పంపడానికి ఇంకోటి ఉండదట. ఎడ్మంటన్‌కి వారానికి రెండే సర్వీసులు, శుక్రవారంది రద్దయితే మళ్ళీ మంగళవారమేనట. చిన్న కంపెనీ కాబట్టి వేరే కంపెనీ విమానం ఎక్కించాల్సిన పని కూడా వాళ్ళకి లేదట. "మర్నాడే ముఖ్యమైన పని ఉన్నవాళ్ళు దయచేసి దీనిలో వెళ్ళకండి" అని చివర్లో దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ ఒకటి.

అప్పటికి తేజశ్రీ టికెట్ కొని ఒక్క రోజే అయింది. డెబ్బై తొమ్మిది డాలర్లు. పెద్ద కంపెనీలో అయితే నాలుగు వందల పైమాటే. చేసిన పని తప్పని ఎవరో గ్రూపులో చాటింపు వేసినట్టనిపించి, "కొందరికి భయపడటం ఒక హాబీ" అని రాసింది. అందరూ నవ్వుల బొమ్మలు పెట్టారు.

ఆ సాయంత్రం అతను విడిగా మెసేజ్ పెట్టాడు. "మీకు శనివారం పరీక్ష అని మృదుల చెప్పింది. గురువారమే వేరే దాంట్లో వెళ్ళండి, ప్లీజ్." మృదుల తేజశ్రీ రూమ్మేట్, కిరీటి ఆఫీసులోనే పనిచేస్తుంది. కిరీటిని తేజశ్రీ చూసింది ఒక్కసారే, మార్చిలో మృదుల పుట్టినరోజున. ఆ కాస్త పరిచయానికే సలహాలా అని చిర్రెత్తి, "నా ప్రయాణం నేను చూసుకుంటాను" అని జవాబు కొట్టింది.

ఇప్పుడా మనిషే అదే విమానానికి, అదే లైనులో.

"ఊరందరికీ ఎక్కొద్దని చెప్పి మీరెక్కుతున్నారా? సిగ్గుగా లేదూ?"

"మర్నాడు పని ఉన్నవాళ్ళని ఎక్కొద్దన్నానండీ. నా పని సోమవారం పొద్దున. మధ్యలో రెండు రోజులు చేతిలో పెట్టుకున్నా."

"అంటే తెలివి మీకొక్కరికే ఉందన్నమాట."

"నేను అట్లా అనలే."

"మీరనకపోయినా మీ ముఖం అంటోంది."

కిరీటి ముఖం తిప్పేసుకుని ముందుకి జరిగాడు.

కౌంటర్లో అమ్మాయి తేజశ్రీ బ్యాగుని కొలత పెట్టెలో పెట్టమంది. చక్రాలు రెండు వేళ్ళంత బయటికి మిగిలాయి. అరవై అయిదు డాలర్లు కట్టమంది. టికెట్ ఖరీదే డెబ్బై తొమ్మిదైతే చక్రాలకి అరవై అయిదా అని తేజశ్రీ పది నిమిషాలు వాదించింది. చివరికి కార్డు గీకింది. బ్యాగులో తెల్లకోటు, ఇస్త్రీ చేసిన చొక్కా, మూడు నోటు పుస్తకాలు ఉన్నాయి మరి, ఎక్కడ పారేస్తుంది?

ఒంటిగంట విమానం. పన్నెండూ నలభైకి తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి: రద్దు.

నూట యాభై మంది ఒక్కసారిగా లేచారు. సాంకేతిక లోపమని మైకులో చెప్పారు. టికెట్ డబ్బు వాపసు తీసుకోండి, లేదా మంగళవారం రండి అని అందరి ఫోన్లకీ ఒకే ఈమెయిల్ వచ్చింది.

"మంగళవారమా?" తేజశ్రీ కౌంటర్ మీద అరచేత్తో చరిచింది. "నా పరీక్ష రేపు పొద్దున ఎనిమిదిన్నరకి! మంగళవారం వెళ్ళి ఏం చేయను, ఆ హాలు ఊడవనా?"

కోపంలో సగం తెలుగే వచ్చింది. కౌంటర్లో అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో, కళ్ళనిండా నీళ్ళతో "సారీ మేడమ్" అని మాత్రం అనగలిగింది.

గుంటూరులో ఆరేళ్ళు ఆసుపత్రి ఫార్మసీ నడిపింది తేజశ్రీ. ఇక్కడికొచ్చి మూడేళ్ళుగా తనకంటే చిన్నవాళ్ళ కింద మాత్రలు లెక్కపెట్టి సీసాల్లో పోస్తోంది. లైసెన్సుకి మిగిలింది ఈ ప్రాక్టికల్ ఒక్కటే. ఏడాదికి రెండుసార్లే పెడతారు. పోయిన నవంబరులో రెండు మార్కుల్లో పోయింది. ఈసారి దగ్గర్లో సీట్లు నిండిపోతే విమానంలో నాలుగు గంటల దూరాన ఎడ్మంటన్‌లో దొరికింది. తన వర్క్ పర్మిట్ అక్టోబరుతో అయిపోతుంది. మళ్ళీ పరీక్ష నవంబరులో.

కోపంతో బ్యాగుని ఒక్క తన్ను తన్నింది. అది వెళ్ళి కిరీటి కాళ్ళ దగ్గర ఆగింది.

"టొరంటో నుంచి ఆరున్నరకి ఒక ఫ్లైట్ ఉంది," అన్నాడతను ఫోను చూపిస్తూ. "ఒక్క సీటే చూపిస్తోంది. ఐదు వందల అరవై. వెంటనే కొనండి."

"ముందు 'చెప్పానా' అనండి. అనేసి ఆనందించండి."

"టైం లేదండీ. కొనండి."

కంగారులో కార్డు నంబరు రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారికి టికెట్ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. "ఒక్కటే సీటన్నారు. మరి మీరు?"

"రేపు మధ్యాహ్నం వేరేదాంట్లో వెళ్తా. రెండు రోజులు పెట్టుకున్నది దీనికే కదా. పదండి, నా కారు ఇక్కడే పార్కింగ్‌లో ఉంది. బస్సుల్లో వెళ్తే మీకు అందదు."

సరేననడానికి అభిమానం అడ్డొచ్చింది కానీ కాదనడానికి గడియారం ఒప్పుకోలేదు. తేజశ్రీ బ్యాగు లాక్కుంటూ అతని వెనకాల నడిచింది.

హైవే ఎక్కగానే వాన మొదలైంది. మామూలు రోజుల్లో అయితే కిటికీ అద్దం మీద జారే చినుకుల్ని ఎంతసేపైనా చూస్తుంది. ఇవాళ ఆ వాన మీద కూడా కోపమే. వైపర్ల చప్పుడు మీద కోపం. పక్కన కూర్చుని తొణక్కుండా నడుపుతున్న మనిషి మీద మరీ కోపం.

మిల్టన్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ముందెక్కడో యాక్సిడెంట్. దారి తెరుచుకోవడానికి గంటకి పైగా పడుతుందని చూపిస్తోంది ఫోను.

"అదేదో గట్టిగా హారన్ కొట్టొచ్చు కదా!"

"కొడితే ముందున్న లారీ ఎగిరిపోతదా?"

"మీకు లోపల సంతోషంగా ఉంది. ఒప్పుకోండి. మీ మెసేజ్ నిజమైంది. రేపు గ్రూపులో పెట్టుకోండి, 'ఒక మొండి మనిషి కథ' అని."

కిరీటి స్టీరింగ్ మీద చెయ్యి వేసి కొట్టాడు. హారన్ మోగింది. అతనే ఉలిక్కిపడ్డాడు.

"ఆపుతారా? పొద్దుటి నుంచి పడుతున్నా. నాకెందుకండీ సంతోషం? పోయిన జూన్‌లో ఇదే స్పారో జెట్ నేనూ ఎక్కబోయిన. నా తమ్ముడు సంజయ్ కాన్వొకేషన్, ఎడ్మంటన్‌లో. అమ్మానాన్నలకి వీసా రాలేదు. మా ఇంటి నుంచి పోవాల్సింది నేనొక్కణ్ణే. మూడు వందలు మిగులుతాయని ముందురోజు ఫ్లైట్‌కి బుక్ చేశా. రద్దయింది. వాడు గౌను వేసుకుని పొద్దంతా ఒక్కడే తిరిగిండు. ఫొటో తియ్యడానికి మనిషి లేక సెక్యూరిటీ ఆయన్ని అడిగిండట." "పదకొండు నెలలైంది, నా ఫోనెత్తడు. నాకప్పుడు ఎవరూ చెప్పలే. చెప్తే ఆగేవాణ్ణి. అందుకని నేను చెప్పిన. అది భయం కాదు."

కొట్టిన చెయ్యి అతను ప్యాంటుకి రుద్దుకుంటుంటే, ఈ మనిషికీ కోపం వస్తుందన్నమాట అనుకుంది తేజశ్రీ. ఎందుకో ఆ కోపం తన కోపంకంటే నిజమైనదిగా తోచింది.

"సోమవారం పనంటే?"

"వాడు సోమవారం ఎడ్మంటన్ వదిలి ఉత్తరాన ఆయిల్ కంపెనీలో ఉద్యోగానికి పోతున్నాడు. పోకముందు ఒక్కసారి ముఖం చూద్దామని."

"మీరొస్తున్నట్టు తెలుసా?"

"ఫోనెత్తితే కదా."

"నంబరివ్వండి." అతను చెబుతుంటే తన ఫోను నుంచి కొట్టింది. రెండో రింగుకే ఎత్తాడు. "సంజయ్ గారా? నేను మీ అన్నయ్య కిరీటి గారి..." అనేలోపే కట్ అయింది.

ఫోను వంక గుడ్లురిమి చూసింది తేజశ్రీ. కిరీటి చిన్నగా నవ్వాడు. "మీ కోపానికి వాడు కొత్త కదా," అన్నాడు.

నాలుగూ ముప్పావుకి విమానాశ్రయం చేరారు. వానలోనే బ్యాగు దించి ఆమె చేతికిచ్చాడు. జుట్టంతా తడిసి నుదుటికి అతుక్కుపోయింది.

"థాంక్స్ తర్వాత చెప్తా. ఇప్పుడు చెప్తే ఏడుపొచ్చేలా ఉంది," అంది.

"పరీక్ష బాగా రాసి చెప్పండి."

ఆ వాక్యం పూర్తయ్యేలోపే పరుగెత్తింది. తలుపులు మూసుకుంటుంటే ఒక్కసారి వెనక్కి చూసింది. అతనింకా వానలోనే నిలబడి ఉన్నాడు, ఎవరో సెక్యూరిటీ మనిషి కారు తీయమని అరుస్తున్నాడు.

మర్నాడు గదికో సమస్యతో జరిగే ఆ పరీక్షలో, ఆరో గదిలో ఉన్నది రోగి వేషం వేసిన ఒక పెద్దాయన. గదిలోకి అడుగు పెట్టగానే అరవడం మొదలుపెట్టాడు. మందు ఆలస్యమైందట, ఎవరూ పట్టించుకోలేదట, ఎవరి ఉద్యోగాలు ఊడగొట్టాలో తనకి తెలుసట. పోయిన నవంబరులో రెండు మార్కులు పోయింది సరిగ్గా ఇలాంటి గదిలోనే. అప్పుడు తనూ గొంతు పెంచింది.

ఈసారి తేజశ్రీకి కౌంటర్లో అమ్మాయి కన్నీళ్ళు గుర్తొచ్చాయి. "టైం లేదండీ, కొనండి" అన్న గొంతు గుర్తొచ్చింది. పెద్దాయన్ని అరవనిచ్చింది. అరుపు తగ్గాక, "మీ కోపం సబబే. ఇవాళ్టికి మీ మాత్రలు ఎన్ని మిగిలాయో ముందు చెప్పండి, అది చూసుకున్నాక మిగతావి మాట్లాడదాం," అంది. పెద్దాయన పాత్రలో ఉండి కూడా ఒక్క క్షణం తడబడ్డాడు.

పన్నెండింటికి బయటికొచ్చింది. ఎండ కాస్తోంది. ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది, ముందుగా మనసులోకి వచ్చిన పేరుకి తనే ఆశ్చర్యపోయింది. మూడున్నరకి దిగుతానని పొద్దున మెసేజ్ పెట్టాడు, అతనప్పుడు విమానంలో ఉంటాడు. అందుకని సంజయ్‌కి చేసింది.

"మళ్ళీ మీరేనా? మా అన్న చెప్పమన్నడా?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చేశాను, కోపంతో. కట్ చేశావంటే మీ ఇల్లెక్కడో కనుక్కుని వస్తా. నిన్న నీకోసమని బయల్దేరాడు మీ అన్న. విమానం రద్దయింది. మిగిలిన ఒక్క సీటూ నాకిచ్చి, వానలో నన్ను దింపి వెళ్ళాడు. ఆ సీటు తనే కొనుక్కుని ఉంటే నిన్ననే నీ ముందుండేవాడు. తప్పు చేశాడు, నిజమే. ఏడాదిగా ఊళ్ళో వాళ్ళందరికీ నువ్వు పడ్డ బాధ రాకూడదని మెసేజ్‌లు పెడుతూ తిరుగుతున్నాడు, అందరి చేతా తిట్లు తింటూ. నా చేత కూడా. ఇంకా ఏం చెయ్యాలి?"

"ఎన్నింటికి వస్తడు?" అన్నాడు సంజయ్ చివరికి.

ఎడ్మంటన్ విమానాశ్రయంలో, మూడున్నరకి రావాల్సిన విమానం నాలుగున్నర దాటినా దిగలేదు. సంజయ్ చేతులు జేబుల్లో పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు. తేజశ్రీ తెర దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతూనే ఉంది.

ఐదింటికి కిరీటి బయటికొచ్చాడు. ముందు ఆమెని చూశాడు, ముఖం వెలిగింది. ఆ పక్కన తమ్ముణ్ణి చూశాడు. అక్కడే ఆగిపోయాడు.

సంజయ్ నాలుగడుగులు నడిచి వెళ్ళి అన్న చేతిలో బ్యాగు లాక్కున్నాడు. "ఏడాదికి దొరికిందా ఫ్లైటు?" అన్నాడు కోపంగా. ఆ కోపం అంతవరకే నిలిచింది. కిరీటి రెండు చేతులూ చాచి తమ్ముణ్ణి దగ్గరికి తీసుకున్నాడు. తేజశ్రీ కిటికీ వైపు తిరిగి కార్ల రంగులు చూడసాగింది.

"కారు తెస్తా, ఇక్కడే ఉండండి," అని సంజయ్ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు.

"పరీక్ష?" అన్నాడు కిరీటి దగ్గరికి వచ్చి.

"బాగా రాశా. కానీ మీ మీద కోపంగా ఉంది."

"ఇప్పుడేం చేసిన?"

"గంటన్నర లేటు! ఇది చవక కంపెనీ కూడా కాదు. ఒక విమానం కోసం నేనిలా తలుపు వంక చూడటం ఇదే మొదటిసారి. నాకు నచ్చలేదు. ఇంత భయం నాకు పరీక్షలో కూడా వెయ్యలేదు."

అన్నాక గానీ ఏమన్నదీ తెలియలేదు. చెవులు వేడెక్కాయి.

కిరీటి నేల వైపు చూస్తూ, "ఆ రోజు మీకు విడిగా మెసేజ్ పెట్టింది పరీక్ష కోసమొక్కటే కాదు," అన్నాడు. "మృదుల బర్త్‌డే నాడు కేకు సరిగ్గా కొయ్యలేదని అందరినీ దులిపేశారు చూడండి. అప్పటి నుంచీ మీతో ఒక్క మాటైనా మాట్లాడాలని."

"మార్చి నుంచా? అది చెప్పకుండా విమానాల చరిత్ర రాశారా నాకు?"

"చెప్తే కోప్పడతారని..."

"చెప్పనందుకు కోప్పడుతున్నా!" అంది తేజశ్రీ, అతని చొక్కా చేతిని పట్టుకుని. అరిచిన గొంతులోకి నవ్వు ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. పట్టుకున్న చెయ్యి మాత్రం కారు వచ్చేదాకా వదల్లేదు.

ఫలితం ఆరు వారాలకి వచ్చింది. పాసయింది. వాటర్లూలో కిరీటి వంటింట్లో నిలబడి గుంటూరుకి ఫోను చేసింది. అమ్మ ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చి, పక్కన వినిపిస్తున్న మగ గొంతు ఎవరిదని అడిగింది. తేజశ్రీ చెప్పింది.

"ఎలా పరిచయమే?"

"గొడవపడ్డాం అమ్మా."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడూ గొడవే. పప్పులో ఉప్పు ఎక్కువేశాడు."

"నీ కోపానికి ఎదురుగా నిలబడ్డాడంటే సామాన్యుడు కాదు. ఏదీ, ఆ అబ్బాయికివ్వు ఫోను," అంది అమ్మ.